ఫోను ఏ చేత్తో పట్టుకున్నాడు?

శ్రీవారికి నమస్కారాలు.

దేవుడి దయవల్ల నేనూ అత్తయ్యా బాగున్నాం. మీరూ మీ లారీ చిన్న గీత కూడా పడకుండా తిరుగుతున్నారని తలుస్తాను. అత్తయ్య మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగారు. నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు.

కోర్టు సంగతీ అడిగారు. రేపే. "ఫోను మాట్లాడుతూ మనిషిని గుద్దినవాణ్ణి వదలకూడదు. వాడివల్ల డ్రైవర్లందరికీ చెడ్డపేరు. గట్టిగా చెప్పు" అని రాశారు. ఆ మాటకు జవాబే ఈ ఉత్తరం.

ఆ రోజు కుట్టుకొట్లో నా మిషను దగ్గర కూర్చుని కిటికీలోంచి చూశాను. రొట్టెల వ్యాను వచ్చి, ఇంటింటికీ పేపరు వేసే పెద్దాయన సైకిలును గుద్దింది. పాపం, ఆయన ఆసుపత్రికి చేరకముందే పోయారు. బ్రేకు పడలేదని ఆ వ్యాను నడిపిన అబ్బాయి మొత్తుకుంటున్నాడట. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి, ఎంతో మర్యాదగా, "డ్రైవరు ఫోను ఏ చేత్తో పట్టుకున్నాడమ్మా?" అన్నారు. ఫోను ఉందా అని అడగలేదు. ఏ చేత్తో అన్నారు. కాస్త ఆలోచించి, కుడిచేత్తో అన్నాను. ఫోను చూశానన్న సాక్షిని నేనొక్కదాన్నే. నా మాట మీదే ఆ అబ్బాయి జైలుకెళ్తాడు.

అప్పటినుంచి దండం పెట్టుకుందామని కళ్ళు మూస్తే దేవుడి రూపం నిలవడం లేదు. ఆ చెయ్యీ, ఆ ఫోనూ కనబడుతున్నాయి.

నిన్న నా పక్కన గుండీలు కుట్టే పిన్ని దారం కొరుకుతూ అంది: "ఫోనేమిటే పిచ్చిదానా? ఆ రోజు నువ్వే అరిచావుగా, 'అయ్యో పిన్నీ, రెండు చేతులతో స్టీరింగు తిప్పేస్తున్నాడు, అయినా ఆగట్లేదు' అని!"

"నేనా?"

"కాదు, నీ మిషను అరిచింది."

అలా అన్నట్టే నాకు గుర్తులేదండీ. ఫోను మాత్రం గుర్తుంది. నీలం కవరు, కింది మూల విరిగితే దానిమీద తెల్ల టేపు. ఇవాళ ప్రార్థనలో కూర్చున్నప్పుడు ఆ టేపును గుర్తుపట్టాను. దాన్ని అతికించింది నేనే. ఆ ఫోను మీది.

మీరు దారిలో ఉన్నారని తెలిసీ ఫోను చేస్తాను. మీ గొంతు వెనక ఇంజను మోత వినబడితే భయమేస్తుంది, అయినా పెట్టెయ్యను. ఆ భయాన్నే తీసుకెళ్ళి ఆ అబ్బాయి చేతిలో పెట్టానేమో.

నేను చూసిందేదో, అడిగాక నాలో పుట్టిందేదో తెలియడం లేదని రేపు జడ్జిగారికి చెబుతాను. పిన్ని మాటా చెబుతాను. మీకు కోపం వస్తే రానివ్వండి. చెప్పినా ఆ ఫోను నన్ను వదిలేలా లేదు. ఇప్పుడు కళ్ళు మూస్తే వ్యాను వస్తూనే ఉంది, అందులో మీరు కూర్చున్నారు.

ఇకమీదట నేను ఫోను చెయ్యను. ఉత్తరమైతే బండి ఆపితేగానీ చదవలేరు.

ఇట్లు,
మీ ఇంటిమనిషి