రిమోట్ ఆపి చూపించమన్నారు

ఝాన్సీ గారికి,

నరసన్నపేట గిన్నెల కొట్టు నుంచి నమస్కారాలు.

నేను చేసిన ఇరవై కిలోల మోడల్ విమానాన్ని మీరు మన మోడల్ విమానాల సంఘం తరఫున తనిఖీ చేసి, "రిమోట్ ఆపినా ఇంజను తిరుగుతోంది, ఎగరేయడానికి వీల్లేదు" అని రాశారు. మీ మీద కోపంతోనే సరిచేసి, రెండోసారి మీ సంతకం తీసుకున్నాను.

నిన్న కోతైన పొలం మీద ఎగరేస్తుంటే సిగ్నల్ పోయింది. అవతల ఆడవాళ్లు మినప చేను పీకుతున్నారు. రిమోట్ మీటలు ఎంత తిప్పినా విమానం నా మాట వినలేదు. కానీ ఇంజను దానంతటదే ఆగి, విమానం వాళ్లకు చాలా ఇవతలే గట్టు మీద పడింది.

అప్పలసూరి అనే ముసలామె పరిగెత్తుకొచ్చి, "ఏటి బాబూ, అలగొణికిపోతన్నావు? మాకేటీ అవనేదు" అని నన్నే ఓదార్చింది. మీ తనిఖీ గురించి చెప్పాను. "ఆ పిల్ల సల్లగుండాల" అంది.

జరిగినదంతా మన సంఘానికి రాసి పంపాను. విరిగిన రెక్క మళ్లీ కడుతున్నాను. తనిఖీకి మీరే రండి. ఈసారి ఎన్ని తప్పులు రాసినా కోప్పడను.