లైను తెగినవాడి కుర్చీ

ఇలోయిలో నగరవాసి ఇసాగని గుంబాన్ అను నేను, వయసు ఇరవై ఆరు, బుద్ధి నిలకడగానే ఉండి, గుండె మాత్రం నిలకడ తప్పి, ఎవరి బలవంతమూ లేకుండా (మా అక్క గుడ్లురమడం బలవంతం కిందికి రాదు) రాసుకున్న వీలునామా.

సోమవారం డాక్టర్లు నా గుండె కవాటం మారుస్తారు. అందుకు గుండెను కాసేపు ఆపుతారట. అదే సమయానికి ఆన్‌లైన్ పోకర్ పేకాట పోటీలో ఆఖరి ఆట. తెర మీద నా పేరు పక్కన దీపం ఆరి ఉంటుంది. వంతు వచ్చినప్పుడల్లా నా పేకముక్కలు వాటంతటవే పడిపోతాయి, నా పందెం బిళ్లలు మిగతా ఆటగాళ్లు తలా కాస్త తినేస్తారు.

1. కరెంటు పోయినా నడిచే నా బ్యాటరీ మా అక్క మారిలూకు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. ఓసారి తుఫానులో సమర్ దీవి ఆటగాడెవడిదో ఇంటర్నెట్ లైను తెగితే, ఆటలో ఉన్న అక్క వాడి బిళ్లలు ముట్టకుండా తన ముక్కలే పడేస్తూ కూర్చుంది. "దీపం పోయిందిరా, మనిషి పోలేదు" అంది. ఆ రోజు ఓడిపోయింది కూడా.

2. నా చారల పిల్లి, బాచోయ్ నూడుల్స్ సూప్ కొట్టు నడిపే లూర్దెస్ పిన్నికి. అది తినేది ఎలాగూ అక్కడే.

3. నా తిరుగుడు కుర్చీ స్నేహితుడు డియొనెల్ పల్మారెస్‌కు. కరెంటు కోతలో నా లైను తెగితే నా బిళ్లలన్నీ ఊడ్చేసి, మర్నాడు నాకే బాచోయ్ తినిపించిన ఘనుడు. "రూల్స్‌లో ఉంది కదరా! వానొస్తే తడిసినోడిదా తప్పు, గొడుగున్నోడిదా?" అన్నాడు. ఆఖరి ఆటలో వాడూ ఉన్నాడు. నిన్న ఆస్పత్రికొచ్చి, "నీ బిళ్లల జోలికి పోన్రా, ఒట్టు" అంటూ నా దుప్పటికి ముక్కు తుడుచుకున్నాడు.

4. ఆ ఒట్టు చెల్లదు. సోమవారం నా బిళ్లలు దొరికినన్ని డియొనెల్‌ తీసుకోవాలి. సమర్ వాడికి తన లైను తెగుతుందని తెలియదు. నాకు తెలుసు. తెలిసి ఇస్తున్నది తీసుకుంటే దొంగతనం కాదురా, ఏడుపు ఆపు.

5. ముఖ్య షరతు. మత్తు వదలడానికి చాలాసేపు పడుతుందట. ఆలస్యమైందని దీన్ని తెరిచి చదవడం మొదలుపెట్టొద్దు. అక్కా, అందరినీ ఆపు. ఆటలో లాగే నా వంతు గడియారం పూర్తిగా తిరగనివ్వు. దీపం మళ్లీ వెలిగితే, డియొనెల్, లేచి నా కుర్చీ నాకియ్యి.

2019 అక్టోబరు 18, ఇలోయిలో నగరం.
(సం.) ఇసాగని గుంబాన్

సాక్షులు:
రామిల్ హలందోని, పక్క మంచం. చదవకుండానే సంతకం పెట్టాడు.
ఎవాంజలిన్ తుపాస్, నర్సు. మొత్తం చదివి, "సోమవారం దాటనీ, దీన్ని నీ చేత్తోనే చింపిస్తా" అని సంతకం పెట్టింది.