పొట్టేలు తన్నిన రోజు

గురువారం, రుమైథియా, కువైట్

సబ్బుతో మూడుసార్లు కడిగినా చేతులకంటిన నెత్తుటి వాసన పోవడం లేదు.

నేను పనిచేసే ఇంటాయన, బాబా అని పిలుస్తాం, ఫారసీలో కొత్త నాటకం రాశాడు. పని మొదలుపెట్టే రోజు పొట్టేలును కోయడం ఈ ఇరానీ వాళ్ల ఆచారమట. పొద్దున గేటు దగ్గర కోశారు. కాళ్లు నేనే పట్టుకున్నాను. గొంతు తెగాక కూడా అది నా మోకాలి మీద తన్నింది. అక్కడ కమిలిపోయింది.

సాయంత్రం రిహార్సల్‌కు నటి రాలేదు. ఆమె చోట బాబా నన్ను కూర్చోబెట్టాడు. నాటకంలో తండ్రి పరువు కోసం కూతురు తనే కత్తికి మెడ చాపుతుంది. బాబా నా జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. గొంతు మీద మొద్దు కత్తి నొక్కి, "నవ్వు. ఈ పిల్ల ఇష్టంగా చస్తోంది. త్యాగమంటే అదే" అన్నాడు.

"పొద్దున పొట్టేలు గూడా తన్నింది గదా బాబా. ఎవురైనా నవ్వుతా సస్తారా" అన్నాను.

చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది.

తర్వాత ఆయన భార్య, నేను మామా అని పిలిచే ఆవిడ, వంటింట్లోకి ఐస్ ముక్క తెచ్చింది. "ఓర్చుకో. ఆయన మనసు మంచిదే. ఇల్లు నిలవాలంటే మనమే ఓర్చుకోవాలి" అంది. ఐస్ ఇవ్వడానికి చేయి చాచినప్పుడు ఆమె మణికట్టు మీద నల్లగా వేళ్ల గుర్తులు కనిపించాయి. నేను చూశానని ఆమెకు తెలిసింది.

అప్పుడు నవ్వింది. బాబా నన్ను నవ్వమన్నది అచ్చంగా ఆ నవ్వే.