మూడు సిమెంటు బెంచీల కింద మా నల్లా

సూరత్, ఏప్రిల్ 17.

మా జోన్ అధికారి గారి సముఖానికి,
లింబాయత్, మార్కండేయ చాల్, రెండో గల్లీ, తొమ్మిదో గదిలో అద్దెకు ఉండే అడెపు అనురాధ (భర్త సోమలింగం, సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో కార్మికుడు) రాసుకున్న అర్జీ.

విషయం: మా గల్లీ సర్కారు నల్లాను మా సంతకాల మీదనే తీసివేసినందున, ఆ సంతకాలు నల్లా గురించి పెట్టినవి కావని తెలుపుతూ, నల్లాను తిరిగి పెట్టించవలసిందిగా మనవి.

అయ్యా,

తమరు మన వైపు వారని, తెలుగు చదువుతారని తెలిసి ఈ అర్జీ తెలుగులో రాస్తున్నాను. ఇంతకు ముందు మా పేరున గుజరాతీలో ఒక అర్జీ వెళ్లింది. అది ఎంత బాగా పనిచేసిందో కింద వివరిస్తున్నాను.

1. మా గల్లీలో ముప్పై నాలుగు గదులు. అందరం జగిత్యాల, సిరిసిల్ల దిక్కు నుండి సాంచాల పనికి వచ్చిన వాళ్లం. గదుల్లో నల్లాలు లేవు. గల్లీ మొదట్లో ఉన్న ఒక్క సర్కారు నల్లాకు పొద్దున రెండు గంటలు నీళ్లు వచ్చేవి. దాని పిడి ఊడిపోయినందున ఇనుప పానాతో తిప్పేవాళ్లం. ఆ పానా మా గదిలో మేకుకు వేలాడేది, ఇప్పటికీ వేలాడుతోంది. పిడి పెట్టించమని రెండేళ్లలో ఆరు అర్జీలు ఇచ్చాం. ఆరింటికీ నంబర్లు వేసి ఇచ్చారు. ఏడో అర్జీ మేము ఇవ్వలేదు. అదొక్కటే మంజూరైంది.

2. ఆ ఏడో అర్జీ పుట్టిన విధానం. పోయిన బతుకమ్మ నాడు చాల్ వెనుక మైదానంలో ఆడుతున్నాం. మా వార్డు మహిళా కార్పొరేటరు గారి భర్త వచ్చారు. ఆమె సీటు మహిళలది, పని భర్తది. వెంట మా చాల్ పెద్దమనిషి గంగారాం కాక స్టీలు డబ్బాల మూట మోసుకొచ్చి, మనిషికొక డబ్బా అన్నాడు.

"వరుసగ రాండ్రి. సంతకం పెట్టి తీస్కొండ్రి. లెక్క చూపియ్యాలె గదా."

ఆ రోజు అక్కడున్న మా గల్లీ ఆడవాళ్లలో సంతకం చేయడం వచ్చింది నాకొక్కదానికే. ఊళ్లో ఐదో తరగతి దాకా చదివాను. అందుకని ఆడవాళ్లు నన్ను ముందుకు నెట్టారు. కాగితం మీద సగం పేజీ గుజరాతీ ఉంది. అది నాకు రాదు. కాకా, పైన ఏమని రాసి ఉందని అడిగాను.

"డబ్బా ముట్టిందని రాసున్నది బిడ్డా. గుజరాతీల గంతే పొడుగుంటది."

మొదటి సంతకం నాది. నన్ను చూసి తక్కిన ముప్పై ముగ్గురు వేలిముద్రలు వేశారు.

3. ఫిబ్రవరిలో మనుషులు వచ్చి నల్లాను కోసి, గొట్టానికి మూత బిగించి, ఆ జాగాలో మూడు సిమెంటు బెంచీలు వేశారు. వీటిని ఇక్కడ బాంకడాలు అంటారు. ఒక్కొక్కదాని వీపు మీద కార్పొరేటరు గారి పేరు ఎర్ర రంగుతో మూరెడు పొడవున రాశారు. మా మగవాళ్లకు పన్నెండు గంటల డ్యూటీ, వాళ్లు కూర్చోరు. ముసలివాళ్లు ఎండలో సిమెంటు కాలుతుందని ఎవరి గడపలో వాళ్లు కూర్చుంటారు. ఒక బెంచీ మీద కుక్క పడుకుంటుంది. తక్కిన రెండూ కార్పొరేటరు గారి పేరుకే ఉన్నాయి.

4. ఎందుకు తీశారని అడగడానికి వార్డు ఆఫీసుకు వెళ్లాను. తోడు మా పక్క గది లత వచ్చింది. లత పుట్టిందీ చదివిందీ సూరత్‌లోనే, గుజరాతీ వచ్చు. బతుకమ్మ నాడు తను బార్డోలీలో పెద్దమ్మ ఇంట్లో ఉండింది. ఉండి ఉంటే ఈ అర్జీ రాసే పని పడేది కాదు. గుమాస్తా ఫైలు తీసి కాగితం నా ముందు పెట్టాడు.

"పెహలీ సహీ ఆప్‌కీ హీ హై, బెన్."

మొదటి సంతకం నీదేనమ్మా అన్నాడు. నాదే. లత పైన ఉన్నది చదివి తెలుగులో చెప్పింది: 'మా గల్లీలో అన్ని గదులకు నల్లాలు ఉన్నందున, సర్కారు నల్లా వలన బురద, కొట్లాటలు అవుతున్నందున, దానిని తొలగించి పెద్దలు కూర్చొనుటకు బెంచీలు వేయించవలెనని కింద సంతకం చేసిన మహిళలము కోరుచున్నాము.'

డబ్బా మాట అందులో ఎక్కడా లేదు.

గుమాస్తా ఓపికగా చెప్పినందున నగర సభ ఎట్లా నడుస్తుందో కూడా తెలిసింది. వార్డుకు నలుగురు కార్పొరేటర్లట. మా ఓట్లు నాలుగు బటన్ల మీద నొక్కితే నలుగురు గెలిచారట. ఒక్కొక్కరికి ఏటేటా ఇంత అని నిధి ఇస్తారట. మార్చిలోగా వాడకపోతే వెనక్కి పోతుందట. ప్రజలు కోరినట్టు కాగితం ఉంటే పని మంజూరట. మా బెంచీల కాగితం సభలో ఇంకా చాలా కాగితాలతో కలిసి ఒక్కసారే పాసైందట. వ్యతిరేకించినవాళ్లు లేరట. మా గల్లీలో నీళ్లు పట్టుకునేవాళ్లు ఎవరూ అక్కడ కూర్చోరు గనుక లేకపోవడం సహజమే. నల్లా ఎందుకు వేయించరో, బెంచీ ఎందుకు వేయిస్తారో కూడా అప్పుడే అర్థమైంది. నల్లాకు వీపు ఉండదు. పేరు రాయడానికి చోటు లేదు.

5. తరువాత కార్పొరేటరు గారి ఇంటికి వెళ్లాం. ఆమె వంటింట్లో నుంచి వచ్చి కూర్చోమని, ఇద్దరికీ చెరొక గ్లాసు నీళ్లు ఇచ్చారు. గెలిచిన నాటి నుండి ఆమె మా గల్లీకి ఇచ్చిన నీళ్లు అవే. సంగతి చెబితే కొంగు సర్దుకుని, 'ఉన్‌కో పూఛో', ఆయన్నే అడగండి అని, లోపలి గది చూపించారు. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఏమి రాసి ఉందో చూడకుండా సంతకం పెట్టే ఆడవాళ్లు మా గల్లీలోనే ఉన్నారనుకున్నాను.

భర్త గారు ఫోనులో మాట్లాడుతూనే సెలవిచ్చారు. మీరు రాసిస్తేనే తీశాం, మళ్లీ కావాలంటే మళ్లీ అర్జీ పెట్టండి, కానీ ఈసారి గదుల యజమానుల సంతకాలు తేవాలి, అద్దెవాళ్లు నివాసుల కింద రారు అన్నారు.

అయ్యా, నల్లా తీయడానికి మేము నివాసులం. పెట్టడానికి అద్దెవాళ్లం. ఓటు నాడు మేము ఎవరమో అడుగుదామనుకున్నాను. నా బదులు లత అడిగింది. ఆయన నవ్వి, మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నారు.

6. ఇప్పుడు నీళ్లకు పెద్ద రోడ్డు దాటి పర్వత్ పాటియా వైపు సొసైటీ ఇళ్ల దగ్గరి నల్లాకు పోతున్నాం. వాళ్ల ఆడవాళ్లు పట్టుకున్నాక మిగిలితే మాకు. ముందుగా పోతే, మీకు కూర్చోవడానికి బాంకడాలు ఉన్నాయిగా, కూర్చుని రండి అంటారు. మా గల్లీ ఆడవాళ్లు వాళ్లను ఏమీ అనలేక నన్ను అంటారు. బిందెలెత్తుకుని నా గది ముందు నుండి పోతూ నన్ను పిలవరు. నేను వాళ్ల వెనుక ఒక్కదాన్నే నడుస్తాను. మా అత్త బుచ్చవ్వకు మోకాళ్లు వంగవు, అయినా ఒక బిందె తనే మోస్తుంది. మొన్న రోడ్డు మధ్యలో బిందె జారి సగం నీళ్లు పోతే, అందరూ వినేటట్టు అన్నది:

"సదువుకున్న కోడలని మురిస్తిమి. పానాతోని తిప్పే నల్లాను పెన్నుతోని పీకింది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నా భర్త, పోనీ, ఆఫీసుల జోలి మనకెందుకని అంటాడు. నీళ్లు ఆఫీసుల్లోనే ఆగి ఉన్నప్పుడు అక్కడికి కాక ఎక్కడికి పోవాలో ఆయనా చెప్పలేదు.

కావున తమరిని కోరేది ఏమనగా, సదరు గుజరాతీ కాగితం మీద సంతకం, వేలిముద్రలు డబ్బాలకు ఇచ్చిన రసీదు మాత్రమేనని రాయించి, దానిని రద్దు చేయవలెను. నల్లాను పాత జాగాలో పెట్టించవలెను. బెంచీలు తీయమని అడగడం లేదు. జాగా చాలకపోతే నల్లాను బెంచీ వీపుకే బిగించండి. పేరు చెరపనక్కరలేదు. లత మాకు గుజరాతీ అక్షరాలు నేర్పుతోంది, బిందె నిండేలోపు ఆ పేరు చదువుకుంటాం. పిడి లేకపోయినా ఫరవాలేదు, పానా ఉంది.

ఈ అర్జీని మా గది ముందు మూడుసార్లు పైకి చదివాను. ఆనాడు ముద్ర వేసినవాళ్లలో, ఏమి రాసి ఉందో తిరిగి నాకు చెప్పినవాళ్ల చేతనే కింద వేలిముద్ర వేయించాను. మా అత్త మొదట వేసింది. గంగారాం కాక భార్య వేయలేదు. నీళ్లకు మాత్రం ఆమె కూడా మాతోనే వస్తోంది. అందువలన ఇవి ముప్పై రెండు ముద్రలు, ఒక సంతకం.

ఇదంతా చిత్తగించి, ఈ వేసవి ముదరక ముందే మాకు నీళ్లు ఇప్పించవలెనని వేడుకుంటూ,

ఈసారి చదివి సంతకం చేసిన తమ విధేయురాలు,
అడెపు అనురాధ

మరొక మనవి: సంతకానికి ఒక డబ్బా ఇవ్వడం మా వార్డులో పద్ధతి అయినందున, తమరి సంతకం కొరకు నా డబ్బాను ఈ అర్జీకి జతపరుస్తున్నాను. మూత మీద కార్పొరేటరు గారి పేరు చెక్కి ఉంది. ఇన్నాళ్లు మా అత్త అందులో చింతపండు పెట్టింది. కడిగి పంపడమే మర్యాద. నీళ్లు లేనందున తుడిచి పంపుతున్నాను.