బయ్యారం అద్దం దగ్గరికి చేరవలసిన ఆరు కార్డులు

వరంగల్ జిల్లా, మహబూబాబాద్ పట్టణం, స్టేషన్ రోడ్డులో పెళ్ళి పత్రికల ప్రెస్సు నడుపుతూ ఆ ప్రెస్సు మీది గదుల్లోనే కాపురం ఉంటున్న నేను, మహమ్మద్ నిజాముద్దీన్, వయసు అరవై రెండేళ్ళు, ఈ వీలునామాను ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాస్తున్నాను. రాష్ట్రం పేరు కూడా ఉండాలని దస్తావేజులు రాసే ముత్తయ్య పట్టుబట్టాడు. కనుక 'ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్' అని రాశాను. ప్రస్తుతం అనే మాట కొట్టేయమన్నాడు. నేను కొట్టేయలేదు.

నా మతి స్థిరంగా ఉంది. ఈ విషయంలో నా భార్య చోటీ బీకి వేరే అభిప్రాయం ఉంది. "ఆటగాళ్ళ బొమ్మల కోసం రైలెక్కి జనగామ పోయేటోనికి మతి ఉన్నదని ఏ డాక్టర్ రాసిస్తడు?" అని ఆమె ముప్పై ఏళ్ళుగా అడుగుతోంది. వచ్చే వారం హన్మకొండ దవాఖానలో నాకు గుండె ఆపరేషన్. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి గుండె బాగాలేదన్నాడే గానీ మతి గురించి ఏమీ అనలేదు. దాన్నే ధ్రువపత్రంగా తీసుకోవాలని మనవి.

1. ఇల్లు, ప్రెస్సు, కొడకండ్ల దగ్గరి చెలక గురించి ఈ కాగితంలో ఏమీ రాయడం లేదు. మా షరియత్ ప్రకారం ఎవరి హిస్సా ఎంతో ముందే తేలి ఉంది, దాన్ని మార్చే హక్కు నాకు లేదు, అవసరమూ లేదు. వీలునామా రాసుకోవడానికి మాకు మూడో వంతు దాకే అనుమతి. నా ఆస్తి మొత్తం మీద నేను పోగేసిన కార్డులు మూడో వంతుకు చాలా తక్కువేనని నా పిల్లలు అంటారు. నా లెక్క వేరే అయినా చట్టం కోసం వాళ్ళ లెక్కే ఒప్పుకుంటున్నాను.

2. కార్డులంటే ఏమిటో తెలియని పెద్దమనుషులు ఈ కాగితం చదవవచ్చు కనుక చెబుతున్నాను. అరచేతిలో పట్టేంత అట్టముక్క. ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని ఊరు, పేరు, ఆడిన ఆటల వివరం. వెనకటి రోజుల్లో సిగరెట్టు పెట్టెల్లో వచ్చేవి, తర్వాత బబుల్‌గమ్ పొట్లాల్లో, ఆ తర్వాత ట్రంప్ కార్డులని దుకాణాల్లోనే అమ్మారు. ఒకే ఆటకూ ఒకే జట్టుకూ చెందినవన్నీ కలిస్తే దాన్ని సెట్టు అంటాం. సెట్టులో ఒక్కటి తక్కువైనా మాలాంటివాడికి అన్నం సయించదు.

3. మా దాదాకు, అంటే నాయన తండ్రికి, నిజాం రోజుల్లో జనగామ స్టేషన్ బయట పాన్ డబ్బా ఉండేది. రైలు దిగిన సాహెబులు సిగరెట్టు ముట్టించుకుని, పెట్టెలోని కార్డును కింద పడేసి పోయేవారు. దాదా వాటిని ఏరి, తుడిచి, తమలపాకుల బుట్ట అడుగున దాచేవాడు. హాకీవాళ్ళు, కుస్తీవాళ్ళు, ముక్కు వంకరపోయిన ఒక బాక్సరు. ఇంగ్లీషు రాదు కనుక వాళ్ళందరికీ తనే పేర్లు పెట్టాడు. ఆ బాక్సరు మా ఇంట్లో ఇప్పటికీ 'మీసాల కొత్వాల్'. పారేసిన బొమ్మలో మనిషిని చూసి, తీసి, తుడిచి పెట్టిన చెయ్యి మా దాదాది. అంతటి మర్యాద చదువుకున్నవాళ్ళలో కూడా నేను ఎక్కువగా చూడలేదు. ఈ పాత కార్డులన్నీ, తక్కిన వారసులు ఒప్పుకుంటే, నా కొడుకు జునైద్‌కు.

జునైద్ గురించి ఒక పాత లెక్క ఇక్కడ తేల్చాలి. వాడు జిరాక్స్ దుకాణం పెట్టిన కొత్తలో, నా పుట్టినరోజుకు బహుమతి ఇద్దామని మీసాల కొత్వాల్‌ను లామినేషన్ చేయించి తెచ్చాడు. ఎనభై ఏళ్ళ కార్డు వేడి ప్లాస్టిక్‌లో ఇరుక్కుని మెరుస్తోంది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాను. వాడు సంతోషంతో అనుకున్నాడు. "ఇగ నూరేండ్లయినా చెక్కు చెదరది, అబ్బాజాన్" అన్నాడు. కార్డుల లోకంలో దీన్ని హత్య అంటారని వాడికి నేను ఇప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే తిరిగి జవాబు వినాల్సిన అవసరం నాకు ఉండదు. అయినా నా మంచం పక్కన పెట్టుకున్న కార్డు అదొక్కటే అని కూడా చెబుతున్నాను. తక్కినవాటిని మాత్రం లామినేషన్ చేయరాదు.

4. బబుల్‌గమ్ క్రికెట్ కార్డులన్నీ, రెండేసి మూడేసి ఉన్నవాటితో సహా, భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే నా మిత్రుడు కృపాకర్‌కు. అతని అత్తగారిల్లు జనగామ. నెలకోసారి ఇద్దరం జనగామ ప్లాట్‌ఫాం మీద కూర్చుని మార్చుకునేవాళ్ళం. ఒకసారి అతను ఇచ్చిన వికెట్ కీపర్ కార్డుకు మూల మడత పడి ఉంటే, ఆ మడత కనబడకుండా కత్తెరతో అంచు కోసి నాకు అంటగట్టాడు. ఇంటికొచ్చి పక్క కార్డుతో పోల్చి చూస్తే తెలిసింది. నేటికీ ఒప్పుకోడు. "కంపెనీవాళ్ళే పొట్టిగ కోసిన్రు, అన్నా" అంటాడు. ఆ కార్డు కూడా అతనికే రాస్తున్నాను, చూసుకుంటూ కూర్చోవాలని.

కానీ ఇది కూడా రాయాలి. ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో గనులు ఆగి జీతం ఆగినప్పుడు, హైదరాబాద్ నుంచి ఒక వ్యాపారి కృపాకర్ ఇంటికి వచ్చి అతని కార్డులన్నీ కొంటానన్నాడు. కృపాకర్ అతనికి చాయ్ తాగించి, కార్డులన్నీ ఒక్కొక్కటే ఓపికగా చూపించి, ఒక్కటీ అమ్మకుండా పంపాడు. ఇంట్లో బియ్యం అప్పుకు తెచ్చుకుంటున్న మనిషి. అందుకే ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత అతనికే అప్పగిస్తున్నాను.

5. ట్రంప్ కార్డులు మా మనవరాలు జువేరియాకు. ఇవి ఆడుకోవడానికి. నలిగినా, చిరిగినా, చాయ్ పడినా ఎవరూ ఆమెను ఏమీ అనకూడదు.

6. కార్డులు పెట్టే బిస్కెట్ల డబ్బా, ఖాళీ చేసిన తర్వాత, చోటీ బీకి. ఆమె దాన్ని తన సవతి అంటుంది. "సవతికి నేనే బట్టలు కట్టాల్నా?" అని తిట్టుకుంటూనే ఏటా వానాకాలానికి ముందు ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి ఆ డబ్బాలో పెడుతుంది. పురుగు పట్టకుండా ఇన్నేళ్ళు నా కార్డులు నిలబడ్డాయంటే అది నా జాగ్రత్త వల్ల కాదు. నేను ఏనాడూ వేపాకు తేలేదు. చోటీ బీ, నీకు నేను ఈ మాట ముఖాముఖి చెప్పి ఉండాల్సింది. నువ్వు లేకపోతే ఆ డబ్బాలో దుమ్మే ఉండేది.

7. ఇప్పుడు అసలు విషయం. ఈ వీలునామా రాయడం దీని కోసమే.

సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు మా స్టేషన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద వంట గంజులు, పప్పు పొంగుతోంది. అన్నం ఉడికేలోగా ఎవరో ముగ్గుపిండితో తారురోడ్డు మీద కబడ్డీ గీతలు గీశారు. ఒకవైపు సమ్మెలో ఉన్న టీచరమ్మలు. రెండో వైపు వంటకు వచ్చిన ఆడవాళ్ళు: బయ్యారం దగ్గరి తండా నుంచి తుల్సీబాయి, కమలాబాయి, రామి, మా పట్టణం నుంచి భద్రమ్మ, సరోజ, గ్రేస్. ఒకరు తక్కువయ్యారు. మా ఇంటి మెట్ల మీద నుంచి చూస్తున్న నా కూతురు ఫర్హానా చున్నీ నడుముకు బిగించి దిగింది. నెల తిరిగితే ఆమెకు నికా. చోటీ బీ కిటికీలోంచి పిలిచిన పిలుపు టీచరమ్మలకు కూడా వినిపించింది, ఫర్హానాకు మాత్రం వినిపించలేదు.

టీచరమ్మలు గట్టివాళ్ళు. కాసేపట్లో మావాళ్ళు ఒక్కొక్కరే అవుటై పక్కకు వచ్చారు, చివరికి తుల్సీబాయి ఒక్కతే మిగిలింది. ఆమె కూతకు వెళ్ళింది. నలుగురు పట్టుకున్నారు. ఒకరు చీలమండ, ఒకరు నడుము, ఇద్దరు రెక్కలు. కిందపడింది. కూత ఆగలేదు. తారు మీద మోకాళ్ళతో పాక్కుంటూ, నలుగురినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలి కొసతో గీతను తాకింది. పట్టుకున్న నలుగురూ అవుట్. రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చిన పోలీసులు లాఠీలు చంకలో పెట్టుకుని నోరు తెరుచుకుని చూశారు. ఆమె లేచి, మోకాలి రక్తం చీర కుచ్చెళ్ళతో అద్దుకుని, "పప్పు మాడుతున్నది, ఎవలన్న చూసిన్రా?" అంది. పోయి పప్పు గంజులో గరిటె తిప్పింది.

నేను లోకంలోని ఆటగాళ్ళందరినీ కార్డుల మీద చూశాను. నా కళ్ళ ముందు ఆడిన గొప్ప క్రీడాకారిణి తుల్సీబాయి. ఆమె బొమ్మ ఏ సిగరెట్టు కంపెనీ వేయలేదు, ఏ బబుల్‌గమ్ కంపెనీ వేయలేదు. మా వైపు మనుషుల్ని అచ్చులో చూడాలంటే మేమే అచ్చు వేసుకోవాలని ఆ రోజు నాకు తెలిసింది. ప్రెస్సు నాదే కదా.

ఫర్హానా పెళ్ళి పత్రికల కోసం మంచి అట్ట తెప్పించి, పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా బంగారు రంగు తీగ వేసి ఉంచాను. అక్షరాలు ఇంకా వేయలేదు. బస్సులు, రైళ్ళు ఆగిపోవడంతో నికా వాయిదా పడింది, తర్వాత పిల్లవాడి తరఫువాళ్ళు సాదా పత్రిక చాలన్నారు. ఆ బంగారు తీగ షీట్ల మీద, ఆట రోజు తీసిన ఫోటోలతో, నేను ఏడుగురి బొమ్మలూ అచ్చు వేశాను. ఒక్కో షీటును ఏడు ముక్కలుగా చేత్తోనే కోశాను. చేతి కోత కనుక ఒక షీటు ముక్క ఇంకో షీటు ముక్కకు అతకదు. ఒకే షీటు ముక్కలు ఏడూ వరసగా పేరిస్తే తీగ ఎక్కడా తెగదు. వెనక వివరాలు నేనే రాశాను. తుల్సీబాయి కార్డు వెనక ఇలా ఉంటుంది: 'పట్టుకున్నవారు నలుగురు. ఆపినవారు ఎవరూ లేరు.'

కార్డులు పంచిన రోజు తుల్సీబాయి మిరప తోటలో కూలికి పోయి రాలేకపోయింది. పిల్లలు ఎగబడి అన్నీ తీసుకుపోయారు, ముందుగా అయిపోయింది ఆమె కార్డే. తర్వాత ఆమె బయ్యారం నుంచి వచ్చి అడిగితే, నా కోసం దాచుకున్న ఒకే ఒక సెట్టులోంచి ఆమె ముక్కను తీసి ఇచ్చాను. ఇంకెక్కడైనా దొరికితే మార్చుకుందామని చెప్పాను. కానీ ఇంకెక్కడా దొరకలేదు. పిల్లల చేతుల్లో అన్నీ నలిగిపోయాయి. మళ్ళీ అచ్చు వేయమని జునైద్ అంటాడు. మళ్ళీ వేస్తే అది నకలు. ఆ తీగ మళ్ళీ అదే చోట తెగదు.

పోయిన ఎండాకాలం నేనే బయ్యారం వెళ్ళాను. తండాలో ఆమె ఇంట్లో తలుపు పక్కన చిన్న అద్దం ఉంది. ఆ అద్దం చట్రంలో కార్డు గుచ్చి ఉంది. మా దాదా కార్డుల్లో ఏది కావాలన్నా ఇస్తాను, ఇది నాకు ఇస్తే సెట్టు పూర్తవుతుందని అడిగాను. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది, కూర్చోమంది. తర్వాత ఇలా అంది: "చాచా, రేషన్ కార్డుల మా అత్త, మామ, పిల్లలతోని కల్సి ఉన్న. గీ కార్డు మీదనే నేనొక్కదాన్ని నా తీరుగ ఉన్న. నీ కాడ ఆరుగురున్నరు. నా కాడ నేనొక్కదాన్నే ఉన్న."

మజ్జిగ తాగి వచ్చేశాను. మళ్ళీ అడగలేదు. కానీ ఆ మాట నన్ను వదలలేదు. తక్కువైన కార్డు సెట్టు దగ్గరికి రావాలన్నది మా కార్డులవాళ్ళ పద్ధతి. ఎక్కువమంది ఉన్నచోటికే ఒక్కరు రావాలని ఎవరు పెట్టారో ఈ పద్ధతి. తుల్సీబాయి విషయంలో అది చెల్లదు. అందువల్ల నా దగ్గరున్న ఆరు కార్డులనూ, నా తదనంతరం, బయ్యారం తండా నివాసి తుల్సీబాయికి సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను.

ఆ ఆరింటిలో ఒకటి నా కూతురిది. చున్నీ నడుముకు కట్టుకుని, జుట్టు రేగిపోయి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫర్హానా. ఆ నవ్వు నికా ఫోటోల్లో లేదు. దాన్ని ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. నిన్న ఆమెనే అడిగాను, నీ కార్డు నువ్వు ఉంచుకుంటావా అని. "అబ్బాజాన్, ఆ దినం తుల్సక్క పక్కనే నిలబడ్డ. ఇప్పుడు నన్నొక్కదాన్ని తీసి ఇంట్ల పెడ్తవా?" అంది. నా పిల్లల్లో కార్డుల సంగతి ఎవరికీ పట్టదని ఇన్నాళ్ళు అనుకున్నాను. నిన్నటి నుంచి ఆ బెంగ లేదు.

8. ఈ ఆరు కార్డులను ఆపరేషన్‌కు ముందే నేనే ఎందుకు తీసుకుపోకూడదని ముత్తయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్న. బయ్యారం బస్సు కుదుపులు వద్దని డాక్టరు చెప్పాడు. బతికి వస్తే నేనే తీసుకుపోతాను, అప్పుడు ఈ క్లాజు చెల్లదు. రాకపోతే కృపాకర్, జునైద్, ఫర్హానా ముగ్గురూ కలిసి వెళ్ళాలి. కార్డులను కవరులో పెట్టాలి, లామినేషన్ చేయరాదు. వెళ్ళాక తుల్సీబాయి కార్డును అద్దంలోంచి తీయమని ఎవరూ అడగకూడదు. అది ఉన్నచోటే ఉండాలి. తక్కిన ఆరుగురే దాని పక్కకు చేరాలి, ఫర్హానా ఎడమ పక్కన, రామి కుడి పక్కన, అక్కడి నుంచి తీగే దారి చూపిస్తుంది.

తీగ కలిసిందో లేదో జునైద్ కళ్ళజోడు పెట్టుకుని చూడాలి. చూసి, నా కబరు దగ్గరికి వచ్చి, కలిసింది అని ఒక్క మాట చెప్పి పోవాలి.

తేదీ: 2013 జనవరి 17, గురువారం
మహబూబాబాద్

సంతకం: మహమ్మద్ నిజాముద్దీన్

సాక్షులు:
ముత్తయ్య, దస్తావేజు లేఖరి, మహబూబాబాద్ ('ప్రస్తుతం' అనే మాట నా సలహాకు వ్యతిరేకంగా ఉంచబడినది)
లింగయ్య, ప్రెస్సు ఎదురుగా చాయ్ హోటలు, సొంతూరు కొడకండ్ల