ట్యాంకు తీసేసిన చోట

ఆత్మకూర్ మండలం,
ఆగస్టు 2, 2022

గౌరవనీయులైన ఇస్రాయేలు గారికి,

మీరు చిన్నప్పుడు చదివిన బడికి నేనిప్పుడు హెడ్‌మాస్టర్‌ను. పంద్రాగస్టు నాడు మీకు చేయబోయే సన్మానానికి ఫ్లెక్సీ వచ్చింది, కానీ కట్టలేకపోతున్నాము. రక్షణ శాఖలో పెద్ద అధికారి అనగానే ఫ్లెక్సీ షాపువాళ్లు మీ ఫొటోకు మిలిటరీ యూనిఫాం తొడిగి, వెనక యుద్ధ ట్యాంకు పెట్టారు. మీ అక్క జంగమ్మ గారు చూసి, "మా తమ్ముడు తుపాకి ముట్టలే. గా బొమ్మ తీసేయుండ్రి" అన్నారు.

మరి ఢిల్లీలో ముప్పై నాలుగేళ్లు ఏం చేశారో రాద్దామంటే, అది రహస్యమని మీరు ఫోన్‌లో సెలవిచ్చారు. బదులుగా చదువుకోమని మీరు పంపిన ఇంగ్లీషు పుస్తకం ఆరు వందల పేజీలు. మా ఇంగ్లీషు సారు నెల రోజులుగా పన్నెండో పేజీలో ఉన్నారు.

చివరకు జంగమ్మ గారినే అడిగాము.

"లడాయి రాకుండ చూసే కొలువు. నా కొడుకు పదిహేడేండ్లు మిలిట్రీల, బార్డర్ మీద ఉండి, రెండు కాళ్ల మీద నడుసుకుంట ఇంటికొచ్చిండు. గంతకన్న ఏం రాస్తరు?" అన్నారు.

ట్యాంకు తీసేసిన చోట ఈ మాటలే వేయిస్తున్నాము. వీటిలో ప్రభుత్వ రహస్యమేదైనా ఉంటే శనివారంలోగా తెలియజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు