మేనమామ కొడుక్కి వీసా లేదట

విజయవాడ, బుధవారం

అమ్మా, మద్రాసులో నాకు వీసా ఇచ్చేశారు. ఇక దిగులు మాని కడుపునిండా అన్నం తిను.

నా నోటి మూలంగా ఇవ్వకపోయేవాళ్లే. వీసా ఇచ్చే దొరగారి పక్కన తెలుగాయన ఒకాయన కూర్చుని, "లండన్లో ఉన్న రామకోటేశ్వరరావు గారు మీకేమవుతారండీ?" అని అడిగాడు. చిన్నప్పటి నుంచీ అలవాటైన మాటే వచ్చేసింది. "మా మేనమామ కొడుకండీ" అన్నాను. "కాగితాల్లో భర్త అని ఉందే? మేనమామ కొడుకు దగ్గరికి వెళ్లడానికి వీసా లేదు" అన్నాడు. "రెండూనండీ" అన్నాను. దొరగారికి అనుమానం పోలేదు. బయట ఉన్న మామయ్యను పిలిచి అడిగితే, మీ అన్నయ్య కూడా "పిల్లకి మేనమామనండీ" అన్నాడు గాని మామగారినని అనలేదు. చివరికి తెలుగాయన మన మేనరికాల సంగతి విడమరిచి చెబితే, దొరగారు నవ్వి ముద్ర వేశారు.

గేదె ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? హనుమాన్ జంక్షన్ నుంచి ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే నా ఉన్ని శాలువా, బావకి మినప వడియాలు పంపు. నాన్నకి నా నమస్కారాలు.

రేపు పురుడొస్తే నేను పుట్టింటికి ఎలా వస్తానని నీ బెంగ కదా. సిగ్గు విడిచి అదీ అడిగాను. నువ్వే అక్కడికి చూడ్డానికి రావచ్చట. నీ వంతు వచ్చినప్పుడు మాత్రం బావకి మేనత్తనని మొదలుపెట్టకు. ముందు నాకు అమ్మనని చెప్పు.

నీ పార్వతి